మునిగినది ఎవరిది? తాళం పడిన చిన్న ల్యాప్‌టాప్‌ల చరిత్ర

హెర్న్‌డన్ ఊరి పేరు మునిగిపోయిన ఒక ఓడ నుంచి వచ్చింది. వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని ఈ చిన్న పట్టణంలో 1858లో తపాలా కార్యాలయం ఏర్పడినప్పుడు, అంతకు ముందు ఏడు సముద్రంలో ప్రాణాలు విడిచిన విలియం లూయిస్ హెర్న్‌డన్ అనే నౌకాధికారి పేరు దానికి పెట్టారు. 1857 సెప్టెంబరులో ఆయన కెప్టెన్‌గా ఉన్న ‘సెంట్రల్ అమెరికా’ అనే ఓడ కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్క్ వస్తూ, కరొలైనా తీరానికి దూరంగా తుఫానులో చిక్కుకుంది. స్త్రీలను, పిల్లలను మరో ఓడలోకి దాటించిన తరువాత కెప్టెన్ తన ఓడతోపాటే మునిగిపోయాడు. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు.

ఆ ఓడ కథ అక్కడితో ముగియలేదు. 1988లో ఒక అన్వేషక బృందం రెండు కిలోమీటర్లకు పైగా లోతున దాన్ని కనిపెట్టి బంగారాన్ని పైకి తీయడం మొదలుపెట్టింది. వెంటనే బీమా కంపెనీలు ముందుకొచ్చాయి. 1857లో నష్టపరిహారం చెల్లించింది తామే కాబట్టి ఆ బంగారం తమదేనన్నాయి. వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో ఉన్న ఫెడరల్ న్యాయస్థానం మొదట అన్వేషకుల పక్షాన తీర్పు చెప్పింది. 1992లో పై న్యాయస్థానం దాన్ని సవరించింది. కంపెనీలు తమ హక్కును వదులుకున్నట్టు రుజువు కాలేదు కనుక యాజమాన్యం వాటిదే. అయితే మునిగినదాన్ని కాపాడి పైకి తెచ్చినవారికి ప్రతిఫలం దక్కాలి. ఆ మీదట కింది న్యాయస్థానం అన్వేషకులకు కేటాయించిన వాటా 90 శాతం.

సముద్ర న్యాయంలో ఈ సూత్రం చాలా పాతది. పోయిన వస్తువు విషయంలో అది మూడు ప్రశ్నలను వేరువేరుగా అడుగుతుంది. అది ఎవరిది? వారు దాన్ని వదిలేశారా? కాపాడినవారికి ఏమి చెందాలి? ఓడలో మునిగిన బంగారానికి ఉన్న ఈ విచక్షణ, నేడు అదే ఊళ్ళో ఇళ్ళ అలమరల్లో పడి ఉన్న ఒక చిన్న వస్తువుకు లేదు. ఆ వస్తువు పాత చిన్న ల్యాప్‌టాప్.

పాల ఊరు, కంప్యూటర్ల ఊరు

1879లో పట్టణంగా నమోదైన హెర్న్‌డన్ చాలాకాలం పాడి పరిశ్రమకు పేరుపొందింది. చుట్టుపక్కల పాలు రైలెక్కి వాషింగ్టన్ వెళ్ళేవి. 1962లో పక్కనే డల్లస్ విమానాశ్రయం వచ్చింది. 1968లో రైలు ఆగిపోయింది; ఆ దారి ఇప్పుడు నడకకు, సైకిళ్ళకు పనికొస్తోంది. 1990ల నాటికి ఊరి స్వభావమే మారిపోయింది. ఇంటర్నెట్‌లో చిరునామా పేర్లు నమోదు చేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ కార్యాలయం ఇక్కడే ఉండేది. 1995 సెప్టెంబరు నుంచి ఒక్కో పేరుకు రెండేళ్ళకు వంద డాలర్ల చొప్పున వసూలు చేసింది ఆ సంస్థే. 1851–52లో అమెజాన్ నదీలోయను సర్వే చేసిన హెర్న్‌డన్ పేరున్న ఊళ్ళోనే ఇప్పుడు అమెజాన్ సంస్థ క్లౌడ్ విభాగానికి కార్యాలయాలున్నాయి.

ఈ మార్పుతోపాటే తెలుగువారు కూడా వచ్చారు. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1999లో 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగిన సంవత్సరాలవి. హెర్న్‌డన్, యాష్‌బర్న్, చాంటిలీ ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల్లో కంప్యూటర్ జీవనాధారం. ఇంట్లో పాత కంప్యూటర్లు పోగుపడటం అక్కడ వింతేమీ కాదు. వాటిలో 2007–2012 మధ్య కొన్న, నోటు పుస్తకమంత ల్యాప్‌టాప్‌లది ప్రత్యేక స్థానం. బరువు తక్కువ, పారేయడానికి మనసొప్పదు, ఊరికి వెళ్ళేటప్పుడు ఎవరికైనా ఇవ్వవచ్చునన్న ఆలోచన ఒకటి. తీరా తీసి చూస్తే కొన్ని వెలగవు. కొన్ని వెలుగుతాయి గాని పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతాయి.

ఈ రెండు స్థితులూ ఒకటి కావు. మొదటిది భాగం చెడిపోవడం. రెండోదాంట్లో భాగాలన్నీ బాగానే ఉంటాయి, అనుమతి ఉండదు. బాగుచేసేవారి పనిలో మొదటి రకం నానాటికీ సులువైంది. రెండో రకం కష్టమవుతూ వచ్చింది. చిన్న ల్యాప్‌టాప్ చరిత్రను తాళాల చరిత్రగా చదివితే ఈ తేడా స్పష్టమవుతుంది.

చిన్న యంత్రం పుట్టుక

2005 జనవరిలో దావోస్ సమావేశంలో ఎం.ఐ.టి. ఆచార్యుడు నికొలస్ నెగ్రొపాంటే వంద డాలర్ల ల్యాప్‌టాప్ ఆలోచనను ప్రపంచం ముందు పెట్టాడు. పేద దేశాల బడిపిల్లలకు తలా ఒకటి ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ ‘ప్రతి బిడ్డకూ ఒక ల్యాప్‌టాప్’ సంస్థ తయారుచేసిన ‘ఎక్స్ఓ’ యంత్రం 2007 నవంబరులో ఉత్పత్తికి వచ్చింది. 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, ఒక గిగాబైట్ నిల్వ, మేరీ లూ జెప్సెన్ రూపొందించిన, ఎండలోనూ చదవగలిగే తెర దాని ప్రత్యేకతలు. ధర మాత్రం వంద డాలర్లకు దిగలేదు. భారత ప్రభుత్వ మానవ వనరుల శాఖ 2006లోనే ఈ పథకాన్ని తిరస్కరించింది. అమెరికాలో 2007 చివర 399 డాలర్లు చెల్లిస్తే ఒక యంత్రం కొన్నవారికి, మరొకటి వేరే దేశపు బిడ్డకు వెళ్ళే ఏర్పాటు చేశారు. పిల్లల కోసం పుట్టిన ఆ ఆకుపచ్చ, తెలుపు యంత్రాలు అమెరికన్ ఇళ్ళలోకి అలా చేరాయి.

అదే ఏడు అక్టోబరులో తైవాన్ కంపెనీ ఆసుస్ ‘ఈ పీసీ 701’ విడుదల చేసింది. ఆ పేరులో ఆంగ్ల ‘ఈ’ అక్షరాలు మూడు. ఏడంగుళాల తెర, నాలుగు గిగాబైట్ల నిల్వ, లినక్స్ ఆధారిత వ్యవస్థ. 2008లో ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ రాగానే ఏసర్, డెల్, హెచ్‌పీ, లెనోవో అన్నీ ఈ దారి పట్టాయి. వీటికి నెట్‌బుక్ అన్న పేరు స్థిరపడింది.

విండోస్ విస్టా ఈ చిన్న యంత్రాలకు మోయలేని బరువు. అందుకని మైక్రోసాఫ్ట్ 2008లో వాటి కోసం పాత ఎక్స్‌పీ గడువును 2010 దాకా పొడిగించింది. దానికి షరతులు పెట్టింది. మెమరీ ఒక గిగాబైట్ మించకూడదు. తెర, నిల్వ నిర్ణీత పరిమాణాన్ని దాటకూడదు. ఆ తరువాత వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో తెర మీది నేపథ్య చిత్రాన్ని మార్చుకునే వీలు కూడా ఉండేది కాదు. నెట్‌బుక్‌కు పడిన తొలి తాళం సర్క్యూట్‌లో లేదు, ఒప్పంద పత్రంలో ఉంది. ఎక్కువ పని చేయగల యంత్రం పెద్ద ల్యాప్‌టాప్‌ల అమ్మకానికి అడ్డు రాకుండా కట్టిన గట్టు అది.

2010లో ఐప్యాడ్ వచ్చాక నెట్‌బుక్ ఆకర్షణ తగ్గింది. 2013 నాటికి ఆసుస్, ఏసర్ వాటి తయారీని విరమించాయి. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. కోట్లాది యంత్రాలు అమ్ముడైన ఒక తరగతి ఏడేళ్ళలో అనాథ అయింది.

బిడ్డ చేతిలో గడువు తాళం

ఎక్స్ఓ యంత్రంలో పరస్పర విరుద్ధమైన రెండు ఆలోచనలు కలిసి ఉన్నాయి. బాగుచేసేవారి దృష్టిలో అంత స్నేహపూర్వకమైన ల్యాప్‌టాప్ అరుదు. ఒక్క స్క్రూడ్రైవర్‌తో దాన్ని విప్పవచ్చు. పోయిన మరల స్థానంలో వాడడానికి అదనపు మరలు దాని పిడిలోనే ఉంచారు. తిరిగే భాగాలు లేవు. నైజీరియా రాజధాని అబూజాలోని గలదీమా బడిలో పిల్లలే ‘ల్యాప్‌టాప్ ఆసుపత్రి’ పెట్టుకొని తోటివారి యంత్రాలను బాగుచేశారు.

మరోవైపు అదే యంత్రంలో ‘బిట్‌ఫ్రాస్ట్’ అనే రక్షణ వ్యవస్థ ఉంది. దొంగతనాలను అరికట్టడానికి అందులో గడువు పద్ధతి పెట్టారు. ఆ సదుపాయాన్ని ఎంచుకున్న దేశాల్లో యంత్రం అప్పుడప్పుడు సర్వర్‌ను పలకరించి తన అనుమతిని పొడిగించుకోవాలి. గడువు దాటినా, పోయిందని ఫిర్యాదు వచ్చినా పనిచేయదు. అమెరికాలో అమ్మిన యంత్రాల్లో ఈ గడువు లేదు గాని, సంస్థ సంతకం చేసిన వ్యవస్థను తప్ప మరొకదాన్ని ఎక్కించాలంటే ‘డెవలపర్ కీ’ తెప్పించుకోవాలి.

ఉద్దేశం మంచిదే. బడికి వెళ్ళే దారిలో పిల్ల చేతిలోని యంత్రాన్ని లాక్కుంటే దొంగకు ఏమీ గిట్టకూడదు. కానీ ఈ రెండు ఆలోచనలూ ఒకచోట ఢీకొన్నాయి. యంత్రంలో గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ కొన్నేళ్ళకు అయిపోతుంది. గడియారం వెనక్కి పోతుంది. రక్షణ వ్యవస్థ తారీఖు చెల్లదని చెప్పి యంత్రాన్ని ఆపేస్తుంది. బ్యాటరీ మార్చినంత మాత్రాన అది తేరుకోదు; ప్రత్యేకమైన తీగను లోపలి బోర్డుకు తగిలించి మరో కంప్యూటర్ నుంచి తారీఖు సరిచేయాలి. స్క్రూడ్రైవర్ ఉన్న పిల్లలకు ఆ తీగ లేదు. కొద్దిపాటి వెల చేసే బిళ్ళ పోయినందుకు మొత్తం యంత్రం మూలపడింది. చికిత్స తెలిసిన జబ్బే. మందు మాత్రం రోగి ఉన్న ఊళ్ళో లేదు.

ఉరుగ్వే అనుభవం ఇందుకు భిన్నం. 2007లో మొదలైన ‘ప్లాన్ సెయిబల్’ కింద 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోని పిల్లలందరికీ ఎక్స్ఓలు అందాయి. అక్కడ తాళం వేసిన సంస్థ దేశంలోనే ఉంది, మరమ్మతు చూసుకునేదీ అదే. తాళానికి, తాళంచెవికి మధ్య దూరం తక్కువగా ఉంటే తాళం రక్షణ అవుతుంది. దూరం పెరిగే కొద్దీ అది శిక్షగా మారుతుంది. ఈ సూత్రం ఎక్స్ఓకే పరిమితం కాదు.

ఎనిమిది కాళ్ళ చిప్

మామూలు నెట్‌బుక్‌లో తాళం బయోస్‌లో ఉంటుంది. యంత్రం మేల్కొనగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్ అది. పాత డెస్క్‌టాప్‌లలో బయోస్ పాస్‌వర్డ్ బ్యాటరీ ఆధారంగా నిలిచే మెమరీలో ఉండేది. బ్యాటరీ తీసి కాసేపాగి పెడితే చెరిగిపోయేది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు బయట తిరగడం మొదలయ్యాక అది చాల్లేదు. తయారీదార్లు పాస్‌వర్డ్‌ను కరెంటు లేకున్నా నిలిచే చిన్న చిప్‌లోకి మార్చారు. ఇక బ్యాటరీ ఎన్నిసార్లు తీసినా అది చెరగదు.

మరచిపోయినవారికి ఒక దారి ఉంచారు. చాలా మోడళ్ళలో మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఒక సంకేత సంఖ్య కనిపిస్తుంది. కొన్న రసీదు చూపితే, ఆ సంఖ్య నుంచి మారు పాస్‌వర్డ్ లెక్కగట్టి కంపెనీవారు చెబుతారు. ఆ లెక్క రహస్యంగా ఉన్నంతకాలమే అది తాళం. 2010 ప్రాంతానికి కొన్ని కంపెనీల లెక్కలను ఔత్సాహికులు విడదీసి అందరికీ తెలియజేశారు. దాంతో ఆ కాలపు నెట్‌బుక్‌లు చాలావరకు తెరుచుకున్నాయి. లొంగని వాటి విషయంలో మరమ్మతుదారు బోర్డు విప్పి, ఎనిమిది కాళ్ళ చిప్‌కు క్లిప్ తగిలించి, అందులోని సమాచారాన్ని చదివి, పాస్‌వర్డ్ ఉన్న భాగాన్ని చెరిపి తిరిగి రాస్తాడు. హార్డ్ డిస్కుకే విడిగా తాళం పడి ఉంటే ఈ పద్ధతి కూడా దాన్ని తెరవలేదు. అప్పుడు డిస్కును పక్కన పెట్టి యంత్రాన్ని మాత్రం కాపాడుకోవాలి.

తాళం పాస్‌వర్డ్ రూపంలోనే ఉండాలని లేదు. హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో బయోస్ దగ్గర ఆమోదించిన వైఫై కార్డుల జాబితా ఉండేది. పాడైన కార్డు స్థానంలో అదే రకపు కనెక్టర్ ఉన్న మరో కార్డు పెడితే, ఇది చెల్లదని చెప్పి యంత్రం ఆగిపోయేది. డెల్ మినీ 12 వంటి వాటిలో ఇంటెల్ వాడిన గ్రాఫిక్స్ వేరే కంపెనీ నుంచి వచ్చింది, దాని వివరాలు బయటకు రాలేదు. విండోస్ మద్దతు తీరాక లినక్స్ ఎక్కించినవారికి తెర సరిగా పనిచేయడమే గగనమైంది. 2013 తరువాత వచ్చిన కొన్ని చవక యంత్రాల్లో ప్రాసెసర్ 64 బిట్లది, దాన్ని మేల్కొలిపే ఫర్మ్‌వేర్ 32 బిట్లది. ఆ పొంతన కుదరక మామూలు లినక్స్ డిస్కులు వాటిని గుర్తించలేదు. 2015లో వచ్చిన డెబియన్ 8 దాన్ని పరిష్కరించింది.

ఈ పనిని తప్పుపట్టేవారి వాదనలో బలం లేకపోలేదు. దొంగిలించిన యంత్రానికీ, వారసత్వంగా వచ్చిన యంత్రానికీ తెర మీద కనిపించేది ఒకే ప్రశ్న. ఇంటి పెద్ద హఠాత్తుగా పోతే, ఆయన ల్యాప్‌టాప్‌లోని మనవల ఫొటోలూ, భూమి కాగితాల ప్రతులూ తెలియని పాస్‌వర్డ్ వెనుక మిగిలిపోతాయి. రసీదు ఉండదు, కంపెనీ ఆ మోడల్‌ను ఏనాడో మరచిపోయి ఉంటుంది. తాళానికి దొంగ, భార్య ఒకటే. ఆ తేడా చెప్పగలిగేది మనుషులు, పత్రాలు, చట్టం.

చట్టం ఇచ్చిన సందు

ఆ చట్టం హెర్న్‌డన్‌కు నలభై కిలోమీటర్ల దూరంలో, వాషింగ్టన్‌లో తయారవుతుంది. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, రచనలకు రక్షణగా పెట్టిన సాంకేతిక తాళాలను ఛేదించడాన్ని నిషేధించింది. సినిమాలూ, పాటలూ దొంగచాటున నకలు చేయడాన్ని ఆపడం దాని ఉద్దేశం. అయితే సాఫ్ట్‌వేర్ కూడా చట్టం దృష్టిలో రచనే కాబట్టి, యంత్రం లోపలి తాళాలకు కూడా అది విస్తరించింది. మూడేళ్ళకోసారి విచారణ జరిపి మినహాయింపులు ప్రకటించే అధికారం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతికి ఇచ్చారు. పుస్తకాలు భద్రపరిచే సంస్థ యంత్రాల తాళాలకు న్యాయనిర్ణేత కావడం ఈ చరిత్రలో ఒక విచిత్రం.

మినహాయింపులు కొంచెంకొంచెంగా వచ్చాయి. 2006లో సెల్‌ఫోన్‌ను ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునేందుకు తాళం తీయడాన్ని అనుమతించారు. 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోన్లకు ఆ అనుమతి పోయింది. లక్ష మందికి పైగా సంతకాలు చేసి నిరసించారు. 2014 ఆగస్టులో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి దాన్ని పునరుద్ధరించింది. 2018లో ఫోన్ల, గృహోపకరణాల మరమ్మతుకు, 2021లో వినియోగదారుల యంత్రాలన్నిటి మరమ్మతుకు మినహాయింపు వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. మినహాయింపు తాళం తీయడానికే. తాళం తీసే సాధనాన్ని తయారుచేసి పంచడానికి కాదు. బండి నడపవచ్చు గాని బండి అమ్మకూడదన్నట్టు.

మరమ్మతుదారు ఎంత సన్నని గట్టు మీద నడుస్తున్నాడో ఎరిక్ లండ్‌గ్రెన్ కేసు చూపుతుంది. కాలిఫోర్నియాలో పాత ఎలక్ట్రానిక్ వస్తువుల పునర్వినియోగానికి పేరుపొందిన ఆయన, డెల్ కంప్యూటర్లలో విండోస్‌ను తిరిగి ఎక్కించే 28,000 డిస్కులు చైనాలో చేయించాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దింపుకోవచ్చు. లైసెన్స్ సంఖ్య కంప్యూటర్‌కు అంటించి ఉంటుంది, అది లేకుండా డిస్కుకు విలువ లేదు. అయినా న్యాయస్థానం డిస్కుకు 25 డాలర్ల లెక్కన 7 లక్షల డాలర్ల విలువ కట్టింది. 2018 ఏప్రిల్‌లో పై న్యాయస్థానం 15 నెలల జైలుశిక్షను, 50,000 డాలర్ల జరిమానాను ఖరారు చేసింది. ఆయన నేరాన్ని ఒప్పుకున్నాడు, డిస్కులు అసలైనవిగా కనిపించేలా చేశాడన్నది నిజం. అయినా నార్‌ఫోక్ తీర్పుతో పోల్చి చూస్తే భేదం తెలుస్తుంది. సముద్రంలోంచి బంగారం తీసినవారికి 90 శాతం. చెత్తలోంచి కంప్యూటర్లు తీసినవాడికి జైలు.

ఆ తరువాత గాలి కొంత మారింది. మరమ్మతు హక్కు చట్టాలు న్యూయార్క్‌లో 2022 చివర, మినెసోటా, కాలిఫోర్నియాలలో 2023లో, ఆరెగన్‌లో 2024లో వచ్చాయి. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీనిపై ఒక కమిటీ వేసింది, అదే ఏడు డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. అమెరికన్ చట్టాలు ప్రధానంగా కొత్త యంత్రాల విడిభాగాలకు, సమాచారానికి సంబంధించినవి. అలమరలో ఉన్న పాత యంత్రానికి వాటి వల్ల ఒరిగేది తక్కువ.

మేఘంలో తాళం

నెట్‌బుక్ వదిలిన స్థానాన్ని 2011లో వచ్చిన క్రోమ్‌బుక్ ఆక్రమించింది. దాంతో తాళం స్థలం మారింది. బడి తరఫున నమోదైన క్రోమ్‌బుక్‌లో తాళం యంత్రంలో కాక, దూరాన ఉన్న సర్వర్‌లో క్రమసంఖ్య రూపంలో ఉంటుంది. యంత్రాన్ని పూర్తిగా చెరిపినా మొదటిసారి ఇంటర్నెట్‌ను తాకగానే పాత బడి పేరు తెర మీదికి వస్తుంది. బడి నిర్వాహకుడు జాబితాలోంచి ఆ సంఖ్యను తీసేస్తే తప్ప మామూలుగా విడుదల లేదు. తొలి మోడళ్ళలో బోర్డు మీద ఒక మర తీస్తే ఫర్మ్‌వేర్‌ను మార్చే వీలుండేది. తరువాతి మోడళ్ళలో ఆ పనిని ఒక భద్రతా చిప్‌కు అప్పగించారు.

దీనికి తోడు క్రోమ్‌బుక్‌లకు నవీకరణల గడువు ఉంటుంది. కోవిడ్ కాలంలో బడులు పెద్దఎత్తున కొన్న యంత్రాలు త్వరలో మూలపడతాయని విమర్శలు వచ్చాక, 2023 సెప్టెంబరులో గూగుల్ ఆ గడువును పదేళ్ళకు పొడిగించింది. భౌతికంగా ఏ మార్పూ లేకుండా, ఒక్క ప్రకటనతో లక్షల యంత్రాల ఆయుర్దాయం పెరిగింది. అంతకు ముందు అవి ఆగిపోవలసి ఉండటానికి కారణం అరుగుదల కాదని ఆ ప్రకటనే తెలియజేస్తుంది.

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ హైస్కూళ్ళలో 2019–20 నుంచి ప్రతి విద్యార్థికీ కౌంటీ తరఫున ల్యాప్‌టాప్ ఇస్తున్నారు. హెర్న్‌డన్ పిల్లలకు ల్యాప్‌టాప్ అంటే ఇంట్లో ఉన్నా ఇంటిది కాని వస్తువు. అది కౌంటీ ఆస్తి, తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి దాని మీద తాళం ఉండటం న్యాయమే. యాజమాన్యం మారే రోజున తాళం కూడా దిగుతుందా అన్నదే ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురైంది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించిన ‘ఆకాశ్’ టాబ్లెట్ తొలి విడతను కూర్చింది హైదరాబాదులోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో వచ్చిన ఆకాశ్ కథలో ప్రధాన సమస్య తాళం కాదు, శక్తి చాలకపోవడం. పదకొండేళ్ళ తరువాత, 2022 డిసెంబరు 21న, రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు 5,18,740 శామ్‌సంగ్ టాబ్లెట్ల పంపిణీ ప్రారంభించింది. వీటికి శక్తి సరిపోయింది. బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి, చదువుకు సంబంధం లేనివి తెరవకుండా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో కట్టడి చేశారు. పిల్లలు ఆ కట్టడిని తప్పించుకుంటున్నారన్న వార్తలు వచ్చాయి. 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జులైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠం ఇచ్చినవారు ఒకరు, తాళం వేసినవారు మరొకరు, యంత్రం పట్టుకున్న పిల్ల మూడో మనిషి. మొదటి ఇద్దరూ తప్పుకుంటే మూడో మనిషి చేతిలో మిగిలేది ఏమిటన్నది పంపిణీ పత్రాల్లోనే రాసి ఉండవలసిన విషయం.

సూట్‌కేసులో ప్రయాణం

హెర్న్‌డన్‌లో ఆగిన యంత్రానికి తరచు మిగిలే దారి డల్లస్ నుంచి హైదరాబాదుకే. అక్కడ సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, కంప్యూటర్ విడిభాగాలకు, మరమ్మతుకు దశాబ్దాలుగా కేంద్రం. అమెరికాలో గంట కూలి యంత్రం ఖరీదును మించిపోతుంది కనుక నెట్‌బుక్ బాగుచేయడం గిట్టదు. సీటీసీలో గిట్టుతుంది. ఒక యంత్రం తెర, మరోదాని బోర్డు, ఇంకోదాని కీబోర్డు కలిపి ఒక్కటి నిలబెడతారు. ఛార్జర్ గుచ్చే చోట ఊడిన టంకం మళ్ళీ వేస్తారు, మడత దగ్గర నలిగిన తెర కేబుల్ మారుస్తారు, బయోస్ చిప్ తిరిగి రాస్తారు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడం, మెమరీ పెంచడం, తేలికైన లినక్స్ ఎక్కించడం ఈ వైద్యంలో వాడుక మందులు. తెలుగులో చదవడానికీ, టైపు చేయడానికీ ఆ యంత్రం చాలు.

బాగుపడనిది చెత్త అవుతుంది. 2022లో ప్రపంచం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తను పోగుచేసిందని, అందులో లెక్కల ప్రకారం సేకరించి శుద్ధిచేసింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ప్రమాదకర వ్యర్థాల తరలింపును నియంత్రించే బాసెల్ ఒప్పందంపై అమెరికా 1990లో సంతకం చేసింది గాని ఇప్పటికీ ఆమోదించలేదు. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల బోర్డులను ఆసిడ్‌లో ముంచి, తీగలను కాల్చి లోహాలు రాబడతారు. ఆ సీసం, ఆ పొగ చేరేది పనిచేసేవారి పిల్లల రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి. ఎదిగే మెదడుకు సీసం చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. మంచి యంత్రాన్ని తాళం వల్ల చెత్తలో వేయడం మేజా మీద జరిగే నిర్ణయం; దాని పర్యవసానం మాత్రం శరీరంలో తేలుతుంది.

కాలం కూడా ఈ యంత్రాలకు కలిసిరావడం లేదు. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13, తొలితరం ఆటమ్‌ల వంటి 32 బిట్ల కంప్యూటర్లలో కొత్తగా స్థాపించే సదుపాయాన్ని మానుకుంది. అదే ఏడు అక్టోబరు 14న విండోస్ 10 ఉచిత మద్దతు ముగిసింది. ఈసారి అలమరల్లోకి చేరేవి నెట్‌బుక్‌లకంటే ఎంతో శక్తిమంతమైన యంత్రాలు.

నార్‌ఫోక్ న్యాయస్థానం అడిగిన మూడు ప్రశ్నలనే వీటి విషయంలోనూ అడగవచ్చు. యంత్రం ఎవరిదో రుజువు చేసే పత్రం దానితోపాటు ప్రయాణించాలి. తాళం వేసిన సంస్థ ఆ మోడల్‌కు మద్దతు మానుకున్న రోజున యజమాని హక్కు వదులుకున్నట్టు లెక్కించి తాళంచెవి ఇచ్చేయాలి. కాపాడినవారి పని నేరం కాదని, సేవ అని చట్టం స్పష్టంగా చెప్పాలి. 1996లోనే అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు ద్వారా ప్రభుత్వ కార్యాలయాల్లో మిగులు కంప్యూటర్లను బడులకు ఇవ్వమన్నాడు. ఇచ్చే పద్ధతి అప్పుడే ఉంది. తాళం తీసి ఇవ్వాలన్న నియమం ఇంకా రావలసి ఉంది.

చట్టం వచ్చేదాకా ఇళ్ళలో చేయగలిగింది కొంత ఉంది. యంత్రాన్ని ఊరికి పంపే ముందు దానిలోని ఖాతాల నుంచి బయటకు రావాలి, బయోస్ పాస్‌వర్డ్ తీసేయాలి, ఆఫీసు లేదా బడి నమోదు ఉంటే రద్దు చేయించాలి, డిస్కులోని సొంత సమాచారాన్ని చెరపాలి. లిథియం బ్యాటరీని విడిగా తీస్తే చేతిసంచిలోనే పెట్టాలి, లగేజీలో వేయకూడదు. వాడుతున్న యంత్రం పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, భూమి కాగితాలు ఉన్నచోటే భద్రపరచి, ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికి చెప్పాలి.